చేపల్లేని దుంగ

ఎండాకాలం వచ్చిందంటే ఆ ఏటి మడుగులో అందరికంటే ముందు ఏడ్చేది కొంగలే. అంచు నీళ్ళు కాగిపోయాయి, తుంగ ఎండి గలగలలాడుతోంది. అయినా సూరమ్మ అనే తెల్లకొంగ ఆ గడ్డి పక్కనే ఒంటికాలి మీద నిలబడేది. వానాకాలమంతా అక్కడే కడుపునిండా పరిగె చేపలు దొరికాయి మరి. వాళ్ళమ్మా అక్కడే నిలబడింది, అమ్మమ్మా అక్కడే నిలబడింది.

తుమ్మచెట్టు మీది గూట్లో రెండు పిల్లలున్నాయి. ఆ పొద్దున చిన్నది నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు.

"తాతా, చేపలన్నీ ఏమైపోయాయి?" అని బురదలో పడుకున్న తాబేలుని అడిగింది.

"ఎక్కడికి పోతాయే పిచ్చిదానా! నీకు కాళ్ళు కాలినట్టే వాటికీ ఒళ్ళు కాలుతుంది. వానల్లో గుడ్లు పెట్టడానికి గడ్డిలోకొస్తాయి. ఎండల్లో లోతుకి, నీడకి పోతాయి. ఈ రోజుల్లో నీళ్ళలో ఏ మొద్దు కింద చూడు, పరిగెలు మూగి ఉంటాయి."

"లోతులో మొసలుంది తాతా. మా అమ్మని మింగింది అదే."

"ఉంది. అందుకే కళ్ళు తెరుచుకుని వెళ్ళమంటున్నా."

ఈ మాటలన్నీ గట్టు మీద పొదలోంచి నక్క గవర్రాజు విన్నాడు. అతనికీ ఆకలే. తిన్నగా మొసలి దగ్గరికి పోయి బేరం పెట్టాడు.

"నువ్వు దుంగలా కదలకుండా పడుకో. కొంగని నీ వీపు మీదికి నేను పంపిస్తా. తల్లి పోతే పిల్లలు గూట్లోంచి రాలతాయి. అవి నావి."

మొసలి సరేనన్నట్టు కళ్ళు మూసుకుంది.

మర్నాడు తెల్లవారగానే గవర్రాజు గట్టు మీదికొచ్చి గొంతులో తేనె పోసుకున్నాడు. "చెల్లెమ్మా! పిల్లలు పస్తులుంటే నా కడుపు తరుక్కుపోతోంది. అదిగో, ఆ రాతి పక్కన ఏట్లో కొట్టుకొచ్చిన దుంగ. దాని కింద చల్లటి నీడ. ఎక్కి నిలబడు, ముక్కు ముంచితే చేప!"

సూరమ్మ ఎగిరి వెళ్ళి ముందు రాతి మీద వాలింది. కింద నల్లటి లోతు. పిల్లల ముఖాలు గుర్తొచ్చి మెడ చాచి దుంగ కిందికి చూసింది.

ఒక్క పరిగె లేదు.

తల తిప్పి చూస్తే, అవతల నీళ్ళలోకి వంగిన నేరేడు కొమ్మ కింద పరిగెలు కుప్పలుగా మెదులుతున్నాయి. అంత చిన్న కొమ్మని వదలని చేపలు ఇంత పెద్ద దుంగని ఎందుకు వదిలేశాయి? వాటికేదో తెలుసు. అది దుంగ కాదు, మొసలేనని తట్టగానే సూరమ్మ రెక్క విప్పబోయి ఆగింది. ఇప్పుడు రెక్క విప్పితే అది ఎగిరి అందుకోదూ? వాళ్ళమ్మ రెక్క విప్పుతుండగానే పోయింది.

"ఏం చెల్లెమ్మా, ఆగిపోయావ్?"

"భయంగా ఉందన్నయ్యా," అంది సూరమ్మ. ఆ మాటలో అబద్ధం లేదు. "నువ్వొక్కసారి నీళ్ళలో కాలు పెట్టి చూపించు. నీ వెనకే నేనూ దిగుతా."

"ఓస్, ఇంతేనా!" మొసలితో పొత్తు ఉందిగా, తనకేం భయమనుకున్నాడు గవర్రాజు. మోకాళ్ళ లోతు దిగి, గట్టు వైపున్న దుంగ కొస పక్కన నిలబడ్డాడు. "చూశావా? ఏమైనా అయిందా?"

దుంగ నోరు తెరిచి అతని కాలు పట్టేసింది.

"ఒరేయ్, నేనురా! మన బేరం..." అని గావుకేక పెట్టాడు. జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి. మొసలి అంత తెలివితక్కువది కాదు.

నీళ్ళు ఎర్రగా సుడి తిరుగుతుంటే సూరమ్మ ఎగిరి నేరేడు కొమ్మ మీద పడింది. భయం తగ్గలేదు, అలాగే చేపలు పట్టింది. గూటికి చేరేసరికి చిన్నది ఇంకా నోరు తెరిచే ఉంది. దాని నోట్లో పరిగె పెట్టి, అది మింగేదాకా తను ఊపిరి తీసుకోలేదు.

ఆ మడుగు కొంగలు ఇప్పటికీ ఏ దుంగ మీద వాలాలన్నా ముందు దాని కిందికి తొంగి చూస్తాయి.

కాలం మారితే చోటు మార్చాల్సిందే గానీ, కొత్త చోటు గురించి అడగాల్సింది దారి చూపినవాణ్ణి కాదు, అక్కడి నీళ్ళని.