ఊయల గంట వేలం

అనగనగా ఒక అడవిలో అంగడి లేదు, తక్కెడ లేదు. అయినా బేరాలకు మాత్రం కొదవ లేదు. ఎందుకంటే అక్కడ చిలకల వేలం ఉండేది.

చిలకల వేలం అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను, మధ్యలో అడగకండి. ఎవరైనా ఒక వస్తువు అమ్ముకోవాలంటే చిలకలగుట్ట మీదికి పోయి దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. చిలకలు ఆ మాటల్ని ఏటికి ఎగువనా దిగువనా ఉన్న ప్రతి చెట్టుకూ మోసుకుపోతాయి. వస్తువును మాత్రం ఎవరూ కళ్ళతో చూడరు. కావలసినవాళ్ళు 'నేను ఇంతిస్తాను' అని చిలకతోనే కబురు పెడతారు. పాట పాడినవాళ్ళ పేరు బయటికి రాదు. 'ఎగువ నుంచి ఒకరు', 'దిగువ నుంచి ఒకరు', అంతే. మూడో రోజు సాయంత్రం కొంగల బారు గూళ్ళకు మళ్ళే వేళకు ఎవరి పాట పెద్దదైతే వస్తువు వాళ్ళది. కొండముచ్చు దాన్ని మోసుకొచ్చి ఇస్తుంది, మోతకూలి పుచ్చుకుంటుంది.

ఇంకో సంగతి. చిలక చెప్పమన్నది చెబుతుంది. అది నిజమా అబద్ధమా అన్నది దానికి పట్టదు. అందుకే కొనేవాళ్ళు ప్రశ్నలు అడగవచ్చు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, చిలకలు జవాబుతో సహా అడవి అంతటికీ వినిపిస్తాయి. అయితే చిలకలు సరుకు గురించిన మాటలే మోస్తాయి. ఇంటి కబుర్లు మోయవు. అది వాటి కట్టుబాటు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

ఆ ఏటి ఎగువన ఒక మద్దిచెట్టు తొర్రలో ఈరమ్మ అనే ఉడుత ఉండేది. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేది. ఎండాకాలమంతా మొర్రిపళ్ళ పలుకులు ఏరి, పది దొన్నెలు దాచుకుంది. వానలు మొదలైతే బయట గింజ దొరకదు కదా! తిండికి లోటు లేదు, ఇంటికి లోటు లేదు. ఈరమ్మకు ఉన్న లోటల్లా ఒక్కటే. పోలక్క లేదు.

పోలక్క ఈరమ్మ తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు ఇద్దరూ ఒక కొయ్యగంటలో పెరిగారు. ఎప్పుడో ఏ ఆవు మెడలోంచో జారిపోయిన గంట అది. తాడు రెండు కొమ్మలకు చిక్కుకుని అడ్డంగా వేలాడుతుంటే, వాళ్ళమ్మ అందులో బూరుగుదూది పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది. గాలి వీచినప్పుడల్లా గంట ఊయలలా ఊగేది. దాని కర్రనాలుక అంచుకు తగిలి టొక్, టొక్ మనేది. ఆ చప్పుడు వింటూ అక్కాచెల్లెళ్ళు ఒకరి తోక ఒకరు కప్పుకుని నిద్రపోయేవారు. కొత్త పళ్ళు దురద పెడితే గంట అంచునే కొరికేవారు.

ఒక వానాకాలం ఏరు పొంగింది. చెట్టు కూలింది. అమ్మ పోయింది. గంట ఒకవైపు, పోలక్క ఒకవైపు కొట్టుకుపోయాయి. ఈరమ్మ ఒక్కతే ఒడ్డున పడింది. అప్పటినుంచి ఎన్ని ఎండాకాలాలు గడిచినా, గాలి వీస్తే చాలు, ఈరమ్మ చెవులు నిక్కబొడుచుకునేవి. టొక్ మంటుందేమోనని.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే చిలక వచ్చి వాలింది.

"ఉడుము గంగులు అమ్ముతున్నాడు. పాత కొయ్యగంట. ఏట్లో కొట్టుకొచ్చింది. మోత మధురం. లోపల ఇంకా దూది వాసన!"

ఈరమ్మ నోట్లో పలుకు జారిపోయింది. గబగబా చెట్టు దిగి, వేళ్ళ సందున బొరియలో ఉండే ముళ్ళపంది అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా! మా గంట దొరికింది!"

"మీదేనని ఎవరు చెప్పారే?"

"చిలక చెప్పింది."

"చిలకకు ఉడుము చెప్పాడు. ఉడుముకు ఎవరు చెప్పారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది నీ వరస," అంది అవ్వ. "కూర్చో. మూడు మాటలు చెబుతాను విను. ఎంతదాకా పోతావో పాటకు ముందే అనుకో, ఆపైన ఒక్క పలుకు కూడా పెంచకు. కొనే ముందు అమ్మేవాడి గుమ్మం చూసి రా. అడగాల్సింది ఏదైనా ఉంటే ముందే అడుగు, తర్వాత ఏడవకు."

గుమ్మం ఎందుకంటారా? ఆ అడవిలో మంచి సరుకు అందినవాళ్ళు అమ్మినవాడి గుమ్మానికి ఒక ఈక గుచ్చుతారు. మోసపోయినవాళ్ళు ఒక ముల్లు గుచ్చుతారు. ఆ ముళ్ళు ఇచ్చేది మన అవ్వే. అందుకే ఎవరి గుమ్మం ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"గంగులు గుమ్మానికి నావి నాలుగు ముళ్ళున్నాయి," అంది అవ్వ. "అయినా నీకు అంత బెంగగా ఉంటే ఒక్క ప్రశ్న అడుగు. మీ గంటకు ఏదో ఒక గుర్తు ఉంటుందిగా?"

"లోపలి అంచున రెండు వరుసల పంటిగాట్లు ఉంటాయవ్వా. ఒకటి నాది, ఒకటి అక్కది."

"మరింకేం? అవి ఉన్నాయా అని అడుగు."

"అడుగుతాను," అంది ఈరమ్మ.

కానీ అడగలేదు. అడిగితే గంట విలువ నలుగురికీ తెలిసిపోతుంది, ధర పెరుగుతుంది అని తనకు తాను చెప్పుకుంది. అది పైకి చెప్పుకున్న మాట. అసలు సంగతి వేరు. 'లేవు' అని జవాబు వస్తుందేమోనని భయం. లేవంటే ఆ గంట ఇక తమది కాదు కదా! అడగనంతసేపూ తమదే. బెంగపెట్టుకున్న ప్రాణం అలాగే ఆలోచిస్తుంది, నవ్వకండి.

గంగులు గుమ్మం ఏటి మలుపులో ఉంది, అంత దూరం ఎవరు పోతారులే అనుకుంది. ఒక్క మాట మాత్రం విన్నది. మద్దిబెరడు మీద గోటితో మూడు గీతలు గీసుకుంది. మూడు దొన్నెలు, అంతకు మించి పాడకూడదు.

మొదటి రోజు ఈరమ్మ రెండు దొన్నెలు పాడింది. దిగువ నుంచి ఎవరో మూడు పాడారు.

రెండో రోజు ఈరమ్మ గీతల వైపు చూడకుండా నాలుగు పాడింది. దిగువ నుంచి అయిదు వచ్చింది.

మూడో రోజు సాయంత్రం పాట పరుగందుకుంది. ఎగువ నుంచి ఆరు. దిగువ నుంచి ఏడు. ఆకాశం అంచున తెల్లగా కొంగల బారు కనిపించింది. ఈరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరే ఆ దిగువది? నా గంట మీద దానికేం పని? దాని పళ్ళు రాలిపోనూ!" అని తిట్టి, "ఎనిమిది!" అని అరిచింది.

చిలక ఎగిరిపోయింది. కొంగలు గూళ్ళకు చేరాయి. దిగువ నుంచి ఇక కబురు రాలేదు. గంట ఈరమ్మదయింది.

మర్నాడు కొండముచ్చు గంటను తెచ్చి, "మోతకూలి ఒక దొన్నె," అంది. ఈరమ్మకు ఆ సంగతే గుర్తు లేదు. ఎనిమిది గంగులుకు పోయాయి, ఒకటి కొండముచ్చుకు పోయింది. వానాకాలానికి మిగిలింది ఒక్క దొన్నె.

అయినా ఈరమ్మకు చీమ కుట్టినట్టయినా లేదు. గంటను కొమ్మకు కట్టి, లోపల ముడుచుకుని పడుకుంది. సరుకు నచ్చకపోతే మూడు రోజుల్లోగా తిప్పి పంపవచ్చని చిలకల నియమం. ఆ మూడు రోజులూ ఈరమ్మ గంటలోనే ఉంది. కానీ అంచు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగో రోజు గాలి లేచింది. గంట ఊగింది. కర్రనాలుక అంచుకు తగిలింది. చప్పుడు రాలేదు.

ఈరమ్మ మెల్లగా కళ్ళు తెరిచి చూసింది. గంట నిలువునా పగిలి ఉంది. పగుల్లో బురద మెత్తి ఉంది. అంచు నున్నగా ఉంది. ఒక్క గాటు కూడా లేదు. అది వాళ్ళ గంట కానే కాదు.

ఎవరిదో పరాయి గంటలో పడుకుని, 'అక్కా' అని పిలుస్తూ మూడు రోజులు గడిపిందన్నమాట. ఈరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. పోయిన పలుకుల కోసం కాదు. పోలక్క రెండోసారి కొట్టుకుపోయినట్టనిపించింది.

కళ్ళు తుడుచుకుని ఏటి మలుపుకు పోయింది. గంగులు గుమ్మానికి అవ్వ చెప్పిన నాలుగు ముళ్ళూ ఉన్నాయి, ఈక ఒక్కటీ లేదు. గంగులు ఎండలో బండ మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"మోత మధురం అన్నావు కదా గంగులన్నా!"

"అన్నాను. మూడు రోజులు ఏం చేశావు? ఇప్పుడు తిప్పి తీసుకోను," అన్నాడు గంగులు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. "ఏడుపెందుకే పిచ్చిదానా! పగులుకు ఇంకాస్త బురద పూయి. నేను చెప్పిన నాలుగు మాటలే మళ్ళీ చిలకతో చెప్పించు. నీతో పోటీపడ్డ ఆ దిగువది ఏడు దొన్నెలు పట్టుకుని ఇంకా కాచుకునే ఉంటుంది. దానికి అంటగట్టు."

ఆ మాట ఈరమ్మకు నచ్చింది. నిజం చెప్పాలంటే బాగా నచ్చింది. మృగశిర కార్తె వచ్చేసింది, తొలి చినుకులు పడుతున్నాయి. ఒక్క దొన్నెతో ఎన్నాళ్ళు బతుకుతుంది? ఏటి ఒడ్డున చారెడు బురద తీసుకుని చెట్టెక్కింది.

పగులు మీద చెయ్యి పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

ఆ దిగువది ఎవరో గానీ, ఒక పాత కొయ్యగంటకు ఏడు దొన్నెలు ఇస్తానంది. ఊరికే ఇస్తుందా? దానికీ ఏదో లోటు ఉండి ఉంటుంది. అదీ గంటలో ముడుచుకుని పడుకుంటుంది. నాలుగో రోజు గాలి వీస్తుంది. అప్పుడు దానికి ఎలా ఉంటుందో ఈ అడవిలో ఈరమ్మకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఈరమ్మ బురద కడిగేసుకుంది. చిలకలగుట్టకు పోయి చెప్పింది.

"పాత కొయ్యగంట. నిలువునా పగిలింది. మోగదు. వాన తడవకుండా పలుకులు దాచుకోవడానికి పనికొస్తుంది. నేను చిన్నప్పుడు పెరిగిన గంట అనుకుని దీన్ని కొన్నాను. నా గంటకు లోపలి అంచున రెండు వరుసల పంటిగాట్లు ఉండేవి. దీనికి లేవు. చూసుకుని పాడండి."

"ఇన్ని లోపాలు చెప్పి అమ్మేవాళ్ళను ఇంతవరకూ చూడలేదు," అంది చిలక. కానీ చెప్పమన్నది చెప్పడమే కదా దాని పని!

మొదటి రోజు ఎవరూ పాడలేదు. రెండో రోజు ఎగువ నుంచి ఎవరో అర దొన్నె పాడారు. ముళ్ళపంది అవ్వ తన దుంపల్లో రెండు తెచ్చి మద్దిచెట్టు మొదట్లో పెట్టి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. చిలక తడిసిన రెక్కలతో వచ్చి వాలింది.

"పాట కాదు, ప్రశ్న. దిగువ నుంచి ఒకరు అడుగుతున్నారు. నీ గంటకు ఉన్న రెండు వరుసల్లో, ఒక వరుసకు నడుమ ఒక గాటు తక్కువ ఉండేదా? కుంకుడుగింజ కొరికి పన్ను విరగ్గొట్టుకున్న పిల్ల గాట్లా అవి?"

ఈరమ్మ చిలక పక్కకు దూకింది. ఒక్క గుక్కలో చెప్పేసింది.

"తక్కువ ఉండేది. పన్ను విరిగింది పోలక్కకు. పక్కన కూర్చుని పకపకా నవ్వింది ఈరమ్మ. పో చిలకా, పో, ఆగకుండా పో!"

ప్రశ్నా జవాబూ అడవి అంతటికీ వినిపించాయి. నియమం నియమమే కదా. జింకలు మేత ఆపి విన్నాయి. కొండముచ్చులు కొమ్మల మీద గొడవ ఆపి విన్నాయి.

కొంగలు మళ్ళే వేళకు కాస్త ముందు చిలక మళ్ళీ వచ్చింది.

"దిగువ నుంచి ఇంకో ప్రశ్న. అయితే ఆ గంట కోసం ఎనిమిది దొన్నెలదాకా నామీద పాడింది నువ్వేనటే, ఈరీ?"

ఈరమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "నేనేనక్కా! నీ పళ్ళు రాలిపోవాలని తిట్టింది కూడా నేనే!"

వెంటనే దిగువ నుంచి పాట వచ్చింది. మోగని గంటకు ఏడు దొన్నెలు. దానితోబాటు ఒక మాట. "పలుకులు కొండముచ్చుతో పంపుతున్నాను, తిను. గంట మాత్రం పంపకు. మోతకూలి దండగ. ఇక్కడ ఏటికి అప్పుడే నీళ్ళొచ్చేశాయి, తగ్గగానే నేనే వచ్చి తీసుకుంటాను."

ఆ సాయంత్రం అవ్వ బొరియ ముందు కూర్చుని ఈరమ్మ అడిగింది. "అవ్వా, మొదటి రోజే పంటిగాట్ల గురించి నేను అడిగి ఉంటే?"

"అక్క విని ఉండేది," అంది అవ్వ.

"నేను అడగలేదు. అక్క కూడా అడగలేదు. 'లేవు' అంటారేమోనని అదీ భయపడే ఉంటుంది. ఒకే గంట కోసం ఒకరిమీద ఒకరం పాడుకున్నాం."

అవ్వ మామూలుగా అయితే ఇలాంటప్పుడు నాలుగు చీవాట్లు పెట్టేది. ఆ రోజు మాత్రం ఒక దుంప ఒలిచి ఈరమ్మ చేతిలో పెట్టింది.

వానలు దంచి కొట్టాయి. ఏరు రెండు ఒడ్లూ ముంచి పారింది. వేలం ముగిసింది కాబట్టి చిలక ఇక వాళ్ళ మాటలు మోయలేదు. ఈరమ్మ రోజూ మద్దికొమ్మ చివరిదాకా పోయి దిగువ వైపు చూసేది. అక్క ఉందని తెలియక ముందు ఉన్న బెంగ ఒక ఎత్తు. ఉందని తెలిశాక పడే బెంగ ఒక ఎత్తు. రెండోదే బరువు.

చివరికి ఏటి నడుమ రాళ్ళు తేలాయి. ఒకరోజు ఆ రాళ్ళ మీదుగా, ఒక కాలు కాస్త ఈడుస్తూ, ముసలితనం పైబడ్డ ఉడుత ఒకటి వచ్చింది. ఈరమ్మ పరుగున ఎదురుపోయింది. ఇద్దరూ చెట్టెక్కి గంటలో దూరబోయారు. ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు కదా, తలలు మాత్రమే పట్టాయి. ఒళ్ళూ తోకలూ బయటే ఉండిపోయాయి.

గాలి వీచింది. గంట ఊగింది. పగిలిన గంట మోగలేదు.

"టొక్," అంది పోలక్క నోటితో.

"టొక్," అంది ఈరమ్మ.

నీతి: ఎంత ఆశపడ్డ వస్తువునైనా అడిగి తెలుసుకునే కొనాలి, ఎంత అవసరమొచ్చినా లోపం చెప్పే అమ్మాలి.