రెండు బాణాల రాయి

ఎమ్మెస్సీ జియాలజీ పట్టా చేతికి రావాలంటే ఏమేం కావాలో మా డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉండేది. పదహారు పేపర్లు పాసవ్వాలి. ఇరవై అయిదు రోజులు కొండల్లో తిరిగి సొంతంగా ఒక మ్యాపు గీయాలి. తెచ్చిన రాళ్లకు నంబర్లు వేసి ల్యాబులో అప్పజెప్పాలి. డిసర్టేషన్ రాయాలి. చివరగా, ఇదంతా ఈ విద్యార్థి స్వయంగా, నిజాయితీగా చేశాడని గైడు సంతకం పెట్టాలి. నేను ఆ కాగితాన్ని కాపీ చేసుకుని, అయినవాటి పక్కన టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను. ఆ మార్చి నెలలో మిగిలింది ఒక్క సంతకమే. శుక్రవారం సాయంత్రంలోగా అది పడకపోతే ఏడాది పోతుంది.

మా గైడు దస్తగిరి సార్. కడప జిల్లా కొండల్లో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. మాట తక్కువ. ‘బాగుంది’ అనే మాట ఆయన నోట వినాలని మా బ్యాచ్‌లో పదకొండు మందిమీ తెగ ఆశపడేవాళ్లం. అది నాకొక్కడికే దక్కింది. దక్కకపోయినా బాగుండేది.

సంగతేమిటంటే, మా కొండల్లోని ఇసుకరాయి ఒకప్పుడు నీళ్ల కింది ఇసుకే. పారే నీళ్లు ఆ ఇసుకలో వంపు గీతలు వదిలిపోతాయి. రాయిని కోసి చూస్తే అవి కనబడతాయి. అడుగు వైపు మెల్లగా ఒంగి కలుస్తాయి, పై వైపు కత్తితో కోసినట్టు తెగిపోతాయి. పుట్టినప్పుడు తన పైవైపు ఏదో రాయే చెబుతుందన్నమాట. కొండలో ఇప్పుడు దాని పైవైపు ఏదో మనం చెప్పాలి. అందుకే సుత్తితో కొట్టకముందే, రాయి ఇంకా బండకు అంటుకుని ఉండగానే, పైకి చూపిస్తూ మార్కరుతో ఒక బాణం గీస్తాం. రాయి చెప్పిందీ బాణం చెప్పిందీ ఒకటైతే పొరలు సరిగా ఉన్నట్టు. విరుద్ధమైతే కొండలో పొరలే తలకిందులైనట్టు.

నా పదిహేడో నంబరు రాయిలో ఆ రెండూ విరుద్ధంగా వచ్చాయి.

ఆ కొండలో పొరలు తలకిందులయ్యాయని అంతవరకూ ఎవరూ అనలేదు. సార్ కూడా అనలేదు. కోసిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందప్పా అన్నారు. ఇంకేముంది, నాకు కొమ్ములొచ్చేశాయి. హాస్టల్లో, క్యాంటీన్లో, ఎవడు దొరికితే వాడికి ఆ కొండ కథ చెప్పాను. బీఎస్సీ ఫస్టియర్ పిల్లలు ఫీల్డు ట్రిప్పుకు పోయేముందు, రాళ్లు ఎలా సేకరించాలో చెప్పడానికి సార్ నన్నే పంపారు. కొట్టకముందే గుర్తు, కొట్టాక పెట్టిన గుర్తు గుర్తే కాదు అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా లాగాను. సార్ వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చుని, నేను చెప్పింది నోట్‌బుక్కులో రాసుకున్నారు. అది చూసి పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఎందుకంటే ఆ పదిహేడో రాయికి నేను కొండ దగ్గర బాణం గీయనే లేదు. ఆ రోజు మాడ్చే ఎండ, పైగా ఆకలి. మూడింటి బస్సు తప్పితే ఆరు కిలోమీటర్లు నడక. కొట్టి సంచిలో వేసుకుని పరిగెత్తాను. మర్నాడు హాస్టల్లో రాళ్లు సర్దుతుంటే గుర్తొచ్చింది. రాయిని అటు తిప్పి ఇటు తిప్పి, ఇలాగే ఉన్నట్టుందిలే అని గీసేశాను. గీశాక, నిజంగానే అలా ఉన్నట్టు జ్ఞాపకం కూడా వచ్చింది. మనసు ఎంత దొంగదో చూడండి.

బుధవారం పొద్దున డిసర్టేషన్ పట్టుకుని సార్ గదికి వెళ్లాను. పదిహేడో రాయి తెమ్మన్నారు. కోయగా మిగిలిన సగం, బాణం ఉన్న సగం, తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి, బాణం మీద బొటనవేలు ఆనించి, తోక చివరిదాకా మెల్లగా జరిపారు. అక్కడ వేలు ఆగింది.

“ఇది ఎప్పుడు గీసినావప్పా?”

“అక్కడే సార్. కొట్టకముందే.”

సార్ తలూపి, సంతకానికి తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. రేపు ఆరింటి బస్సుకు పోదాం, రాయి తీసుకురా అన్నారు.

బస్సులో రెండు గంటల ప్రయాణం. పుట్టింటికి తీసుకెళ్తున్న బిడ్డలా రాయిని సార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను కిటికీ పక్కన అబద్ధాలు కూడబలుక్కుంటున్నాను. బాణం వానకు చెదిరితే మళ్లీ దిద్దానని చెబుదామనుకున్నాను. ఏ రాయో పొరపాటున మారిందని చెబుదామనుకున్నాను. ఆయన నన్ను ఏమీ అడగలేదు.

కొండ ఎక్కాక చోటు వెతకాల్సిన పని లేకపోయింది. గోధుమరంగు బండ నడుమ నేను కొట్టిన గుంట ఇంకా తెల్లగా, ఊడిన పంటి సందులా ఉంది. సార్‌కు మోకాళ్ల నొప్పి. క్లాసులో టేబులు పట్టుకుని గానీ లేవలేరు. అలాంటి మనిషి ఆ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని రాయిని గుంటలో పెట్టి చూశారు. బాణం పైకి ఉంచితే పట్టలేదు. పక్కకు తిప్పారు, పట్టలేదు. తలకిందులు చేశారు. లోపలికి జారి, టక్కుమని కూర్చుంది. విరిగిన అంచు పొడవునా గోరు దూరే సందు లేదు.

నా బాణం నేలవైపు చూపిస్తోంది.

కొండకు ఏమీ కాలేదు. పొరలు ఎలా పుట్టాయో అలాగే ఉన్నాయి. బాణం తోక మాత్రం కనబడలేదు. ఎక్కడికి పోయిందా అని చూస్తే, అది రాయి అంచు దాటి విరిగిన వైపు మీదికి సాగి ఉంది. ఇప్పుడు ఆ కొస బండ లోపల దాక్కుంది. రాయి బండకు అంటుకుని ఉండగా ఆ వైపు ఎవరూ గీయలేరు. నిన్న సార్ వేలు ఆగింది అక్కడే. అంటే నేను ‘అక్కడే సార్’ అంటున్నప్పుడే ఆయనకు తెలుసు.

సిగ్గుతో చచ్చిపోయాను. తిడతారని చూశాను. తిడితే కాళ్లు పట్టుకుందామనుకున్నాను. సార్ టిఫిన్ డబ్బా విప్పి, మూతలో సగం చిత్రాన్నం పెట్టి నా వైపు జరిపారు. నేను మూతను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, జేబులోంచి మార్కరు తీసి నాకిచ్చారు.

“ఇప్పుడు గీయి.”

బండలో ఉన్న రాయి మీద పైకి ఒక బాణం గీశాను. తర్వాత పక్కనున్న గులకరాయి తీసుకుని పాత బాణాన్ని గీకబోయాను. సార్ నా మణికట్టు పట్టుకున్నారు. అది చెరపొద్దు, ఉండనీ అన్నారు. రాయిని మళ్లీ ఊడదీసి ఆయనే సంచిలో వేసుకున్నారు.

తిరుగు బస్సులో, రేపు శుక్రవారం కదా సార్ అన్నాను. వచ్చే ఏడు కూడా మార్చి వస్తాది లేప్పా అన్నారు. కోపంగా అన్నా నాకు కొంత తేలికగా ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం మా బ్యాచ్‌లో మిగతా పదిమందీ డిసర్టేషన్లు పట్టుకుని ఆఫీసు ముందు లైనులో నిలబడ్డారు. ఓబులేసూ రారా అని నన్ను ఎవడో కేకేశాడు. విననట్టు ల్యాబులోకి వెళ్లిపోయాను. నా టిక్కుల కాగితం తీసి, ఒక్కో టిక్కునూ అడ్డంగా కొట్టేస్తుంటే సార్ వచ్చి తనతో రమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. వెళ్లి చూస్తే బీఎస్సీ ఫస్టియర్ గది.

సార్ సంచిలోంచి పదిహేడో రాయి తీసి ముందు టేబులు మీద పెట్టారు. మొన్న నా మాటలు పొల్లుపోకుండా రాసుకున్న అమ్మాయి మొదటి బెంచీలోనే ఉంది. రాయిని ఇటు నుంచీ అటు నుంచీ చూసి చెయ్యెత్తింది.

“అన్నా, దీనికి రెండు బాణాలెందుకు?”

సార్ కోసం పక్కకు చూస్తే ఆయన అక్కడ లేరు. బెంచీలు పట్టుకుంటూ వెనక్కి నడిచి, మొన్న కూర్చున్న చోటే, పిల్లల పక్కన కూర్చున్నారు. అదే నోట్‌బుక్కు తెరిచి, నేను మొన్న చెప్పింది రాసుకున్న పేజీ తీసి, పెన్ను మూత విప్పారు.

“చెప్పప్పా,” అన్నారు, “రాసుకుంటా.”