మేదర పోలమ్మ పంపిన రూకలు

రాజుగారి అడవిలో వెదుళ్లు కొట్టాడని మేదర సింహాద్రిని చెరసాలలో వేశారు. అతని భార్య పోలమ్మ బుట్టలు అల్లి అమ్మి, నెలనెలా మొగుడి తిండికి రెండు రూకలు తెచ్చి చెరసాల అధికారి భద్రయ్య చేతిలో పెట్టేది. సింహాద్రిని మాత్రం భద్రయ్య చూడనిచ్చేవాడు కాదు.

ఒకనాడు విడుదలైన ఖైదీ ఒకడు ఆమె ఇంటికొచ్చాడు. "సింహాద్రి పోయి మూడు నెలలైందమ్మా. ఆకలితోనే పోయాడు" అన్నాడు.

పోలమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మంత్రి చెరసాల చూడటానికి వచ్చిన రోజున ఎప్పటిలాగే రూకలు పట్టుకెళ్లింది.

"పోయిన నెల ఇచ్చినవి మా ఆయనకు ముట్టాయా, బాబూ?" అని మంత్రి ఎదుటే భద్రయ్యను అడిగింది.

"నా చేత్తోనే ఇచ్చాను. దండం పెట్టి తీసుకున్నాడు" అన్నాడు భద్రయ్య.

పోలమ్మ మంత్రి వైపు తిరిగింది. "మా ఆయన చచ్చి మూడు నెలలైందంట, దొరా. పోయిన నెల దండం పెట్టినోణ్ణి ఒక్కసారి చూపించమనండి."

మంత్రి చెరసాలంతా వెతికించాడు. సింహాద్రి లేడు. ఆ పూటే భద్రయ్యను అదే చెరసాలలో వేయించి, "నీకేం కావాలో అడుగు" అన్నాడు పోలమ్మతో.

"ఆయన్ని ఎక్కడ పూడ్చారో చూపిస్తే చాలు" అంది పోలమ్మ.

కాపలావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చోటు ఎవరికీ గుర్తులేదు.