పైడితల్లి తప్పు

అనగా అనగా ఒక హైస్కూలు. ఆ హైస్కూల్లో ఒక గది. ఆ గదికి ఒక తాళం. రాజుల కథల్లో తాళం వెనక రాకుమారి ఉంటుంది. ఈ తాళం వెనక కంప్యూటర్లున్నాయి. ఎప్పటి మాటని అడక్కండి. కంప్యూటరుకి కొబ్బరికాయ కొట్టి, కుంకంబొట్టు పెట్టి, చెప్పులు గుమ్మం బయట విడిచి దణ్ణం పెట్టుకున్న కాలం మాట. దణ్ణం పెట్టారు, తాళం పెట్టారు, చెయ్యి మాత్రం పెట్టలేదు.

ఆ ఊరి చుట్టూ జీడితోటలు. పదో తరగతి అయ్యాక ఆడపిల్లలకి ఒకటే దారి, జీడిపిక్కల షెడ్డు. పిక్క పగిలితే రసం చిమ్ముతుంది. రసం తగిలితే చెయ్యి పొక్కుతుంది, నల్లబడుతుంది. పెళ్ళినాటి గోరింటాకు కూడా ఆ నలుపు మీద ఎర్రగా పండదు.

పైడితల్లి చేతులు అలాంటివే. చిన్నప్పుడు పిక్కలు కొట్టి, తర్వాత కుట్టు నేర్చుకుని, ఆ హైస్కూల్లో పిల్లలకి కుట్టుపని నేర్పే మనిషైంది. మిషను తొక్కీ తొక్కీ అన్నం తింటున్నా ఆవిడ కాలు ఆడుతూనే ఉండేది. కాలు నిలవదు, చెయ్యి నిలవదు, నోరు అసలే నిలవదు.

ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లల్లో నూకరత్నం ఒకతి. దాని తల్లి ముందే చెప్పేసింది, "ఈ ఏడు బడి, వచ్చే ఏడు షెడ్డు" అని. ఆ మాట విన్నప్పట్నించీ పైడితల్లికి కుదురు లేదు. కుట్టు నేర్పుతోంది సరే, సంతలో కుట్టిన బట్టలు గుట్టలు పోసి అమ్ముతుంటే ఎవరు కుట్టించుకుంటారు? ఆ పిల్లకి కూడు పెట్టే పని ఆ తాళం వెనకే ఉందని ఆవిడకి తోచింది.

వెళ్ళి హెడ్మాస్టరు జగ్గారావుగారి ముందు నిలబడింది.

"మాస్టారూ, తాళం తీసీండి. మన బడి గుంటలు నేర్చుకుంటారు."

"దుమ్ము పడుతుంది" అన్నాడాయన.

కాలు నిలవదు, చెయ్యి నిలవదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

"మాస్టారూ, తాళం తీసీండి."

"నేర్పే మాస్టరు రావాలి కదా."

ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

"మాస్టారూ, తాళం."

"పాడైతే నా ఉద్యోగం పోతుంది పైడితల్లీ. నీకేం, మిషను మొరాయిస్తే నాలుగు చుక్కలు నూనె పోస్తావు. అంత ఆరాటంగా ఉంటే వాటికి ముసుగులు కుట్టిపెట్టు."

చూశారా, వస్తువు పాడవుతుందని భయం. పిల్లలు పాడవుతారని ఉండదు.

పైడితల్లి టేపు మెళ్ళో వేసుకుంది. ముసుగు కుట్టాలంటే కొలత తియ్యాలి. కొలత తియ్యాలంటే తాళం తియ్యాలి. లోపలికెళ్ళి తెర కొలిచింది, పెట్టె కొలిచింది, కీబోర్డు దగ్గర ఆగిపోయింది. ఇదేటి, బొత్తాలేగా. బొత్తాలు కుట్టడం నాకు రాదా?

ముసుగులకి పోగా మిగిలిన గుడ్డ మీద చొక్కా బొత్తాలు వరసగా కుట్టింది. ఒక్కో బొత్తం కింద ఎర్రదారంతో ఒక్కో అక్షరం. గుడ్డ కీబోర్డు అన్నమాట. తాళం దారి తాళానిది, పిల్లల దారి పిల్లలది.

తప్పు అక్కడే చేసింది. ఇంగ్లీషు చదవడం ఆవిడకి రాదు. పక్క తరగతి గోడ మీద రోజూ చూసి ఏబీసీడీల వరస మాత్రం వచ్చు. కంప్యూటరు మీద చూస్తే ఆ వరస లేదు. క్యూ పక్కన డబ్ల్యూ ఏమిటి, ఏ పక్కన ఎస్ ఏమిటి? "ఎవడో తాగి కుట్టినాడు" అంది. వంకర కుట్టు కనపడితే ఊరుకోలేని మనిషి. తను సరిదిద్ది, ఏ నుంచి జెడ్ దాకా తిన్నగా కుట్టిపెట్టింది.

పట్నంలో టైపు నేర్పే చోట కిటికీలోంచి చూసొచ్చి పిల్లలకి చెప్పింది. "పదివేళ్ళూ ఆడాల. కళ్ళు కిందకి దించకూడదు." పిల్లలు గుడ్డ ఒళ్ళో పరుచుకున్నారు. బళ్ళో కొట్టారు, గట్టు మీద కొట్టారు, గొర్రెలు కాస్తూ కొట్టారు. నూకరత్నం కళ్ళు మూసుకుని కొట్టేది.

అప్పుడు పట్నం నుంచి బళ్ళు తనిఖీ చేసే ఆఫీసరమ్మ వచ్చింది. పిల్లలకి పని వస్తే కంప్యూటరు చదువు ఇక్కడే పెడతారు, రాకపోతే పెట్టెలు పక్క ఊరికి పోతాయి. జగ్గారావుగారు తనే వెళ్ళి తాళం తీశాడు. పైడితల్లి నూకరత్నాన్ని ముందుకి తోసింది.

పిల్ల కూర్చుంది. కిందకి చూడకుండా, పదివేళ్ళతో, గడగడా తన పేరు కొట్టింది. తెర మీద పడింది ఏ భాషలోనూ లేని మాట. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. మూడోసారి కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం నేర్పారు ఈ అమ్మాయికి?" అంది ఆఫీసరమ్మ.

"గుంటది తప్పు కాదమ్మా" అని పైడితల్లి గుడ్డ తీసి ఆవిడ ముందు పరిచింది. "నాదే తప్పు. మీ వరస వంకరనుకుని నేను తిన్నగా కుట్టేసినాను."

ఆఫీసరమ్మ గుడ్డ చూసింది, తెర చూసింది. నవ్వలేదు. "నెల్లాళ్ళకి మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇంతే అయితే పెట్టెలు తీసుకెళ్ళిపోతాను" అని జీపెక్కింది.

జీపు మలుపు తిరగలేదు, జగ్గారావుగారు తాళం చేతిలోకి తీసుకున్నాడు. పైడితల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా ముసుగులు నాకిచ్చీండి మాస్టారూ."

"ముసుగులెందుకు? దుమ్ము పడుతుంది."

"దుమ్ము దులిపితే పోద్ది. ఈ గుంటల ఈడు దులిపితే తిరిగొస్తాదా?"

ఆయన చేతిలో తాళం అలాగే ఉండిపోయింది. ఆవిడ లోపలికెళ్ళి ముసుగులన్నీ లాగి చంకలో పెట్టుకుంది. గుమ్మంలో మిషను వేసుకుని కూర్చుంది. తన చేత్తో కుట్టిన బొత్తాలన్నీ పటపటా విప్పేసింది. కంప్యూటరు చూస్తూ, ఉన్నది ఉన్నట్టు, ముసుగుల గుడ్డ మీద మళ్ళీ కుట్టింది. పిల్లలు కాసేపు గుడ్డ మీదా కాసేపు కంప్యూటరు మీదా కొట్టారు. ఆవిడ గుమ్మంలో ఉండగా తాళం వేసే మొనగాడు ఆ ఊళ్ళో లేడు.

గుడ్డ విప్పినంత సులువుగా వేళ్ళు విప్పలేం. నూకరత్నం వేళ్ళు పాత చోటికే పోయేవి. "నావల్ల కాదు టీచరమ్మా, నన్ను షెడ్డుకి పోనీ" అని ఏడ్చింది.

"నేను విప్పలేదేటే? నువ్వూ విప్పు."

విప్పు, మళ్ళీ కుట్టు. విప్పు, మళ్ళీ కుట్టు. నెలంతా అదే పాట.

ఆఫీసరమ్మ వచ్చింది. నూకరత్నం కూర్చుంది. పైడితల్లి పేరు కొడదామని పీ మీద వేలు వెయ్యబోయింది. వేలు పాత గుడ్డ మీద పీ ఉన్న చోటికి పోయింది. తెర మీద హెచ్ పడింది. పిల్ల మాత్రం చెయ్యి వెనక్కి లాక్కోలేదు. హెచ్ చెరిపింది, పీ కొట్టింది, ఆ పేరు ఒక్క అక్షరం తప్పకుండా చివరిదాకా కొట్టింది.

కంప్యూటరు చదువు ఆ బడికే వచ్చింది. నూకరత్నం షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఆ గదిలోనే నేర్చుకుని, ఆ గదిలోనే నేర్పే టీచరైంది. పైడితల్లి ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయింది. పోయేనాడు కూడా పడుకుని లేదంటారు.

ఇప్పటికీ ఆ హైస్కూల్లో కొత్త పిల్ల ఎవరొచ్చినా ముందు కొబ్బరికాయ కొట్టరు. హెచ్ కొట్టిస్తారు. కొట్టించి, చెరిపిస్తారు. ఆ తర్వాతే ఆ పిల్ల పేరు. ఊళ్ళో కూర మాడినా, సంబంధం చెడినా, పరీక్ష పోయినా తల పట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరికెళ్ళి ఆ బడిలో చదివిన ఆడవాళ్ళు అనే మాట ఒకటే. "హెచ్ పడింది, అంతేగా. చెరిపి కొట్టు."