మూగబోయిన పెట్టె

“నీలవేణీ! నీ పెట్టె మళ్ళీ మూగబోయిందమ్మా!”

పట్టాభి మాస్టారి కేకకు నీలవేణి వర్క్‌షాపులోకి వచ్చింది. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే కాపలాదారు ఫోనుకు మెసేజ్ పంపే పెట్టె అది. లోపలి ప్రోగ్రాం ఆమె రాసిందే. నాలుగు రోజులు కోయిలలా పలుకుతుంది, అయిదో రోజు ఉన్నట్టుండి ఊరుకుంటుంది. కిందటి వారం మబ్బు పట్టిన మధ్యాహ్నం రాజుగారి చెరువు దగ్గర అలాగే ఊరుకుంది. రొయ్యలు చచ్చి తేలాయి. కాపలా పోలయ్య కునుకు తీశాడనుకుని, ఈ శనివారం నుంచి పనిలోకి రావద్దన్నారు రాజుగారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నీలవేణికి అన్నం సయించడం లేదు. పెట్టె ఊరుకుందని రాజుగారికి మాత్రం చెప్పలేదు.

“మెమరీ అయిపోతోందండీ మాస్టారూ. ఇంకా పెద్ద చిప్ వేస్తే సరిపోదా?”

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. “ఇడ్లీ తినొద్దాం, పద,” అన్నారు.

బస్టాండు పక్కన మంగతాయారు బండి దగ్గర జనం మూగి ఉన్నారు. “ప్లేట్లు లేవు, ఆగండి బాబూ! ఇడ్లీలతో పాటు ప్లేట్లు కూడా మింగేస్తున్నారా ఏంటి?” అని అరుస్తోందామె.

“ఇంకో డజను కొనరాదూ తాయారూ?” అన్నారు మాస్టారు.

“పోయిన నెలే కొన్నానండీ. అవీ పోయాయి!”

“ఎటు పోతున్నాయో చూడమ్మా,” అన్నారు మాస్టారు నీలవేణితో.

చూసింది. తినడం అయినవాళ్ళు ప్లేటు తొట్టిలో వేసి చెయ్యి కడుక్కుంటున్నారు. ఇంతలో నరసాపురం బస్సు హారన్ కొట్టింది. సగం తిన్నవాళ్ళు ప్లేట్లు గోడమీదో మెట్లమీదో పెట్టేసి పరుగు తీశారు. తొట్టిలోవే కడిగి మళ్ళీ వస్తున్నాయి. గోడమీదవాటి కోసం కాకులు తప్ప ఎవరూ వెళ్ళలేదు.

నీలవేణి ఇడ్లీ ముట్టకుండానే వర్క్‌షాపుకి పరుగెత్తింది. మెసేజ్ పూర్తిగా వెళితే, దానికోసం తీసుకున్న మెమరీని తన ప్రోగ్రాం తిరిగి ఇచ్చేస్తోంది. సిగ్నల్ మధ్యలో తెగితే మాత్రం ఇవ్వకుండానే వచ్చేస్తోంది. చెరువు గట్టుమీద సిగ్నల్ రోజుకి ఎన్నిసార్లు తెగుతుందో! తెగినా మెమరీ తిరిగి ఇచ్చేలా ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చేర్చింది. యాంటెన్నా వైరు వందసార్లు పీకి చూసింది. మెమరీ ఇసుమంత కూడా తగ్గలేదు.

“ఇక ఆగదండీ మాస్టారూ!”

“పెట్టె సంగతి సరేనమ్మా,” అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. “నువ్వు సగంలో వదిలేసి వచ్చింది అదొక్కటేనా?”

 నీలవేణి ఫోను తీసింది.

“రాజుగారూ, ఆ రోజు పోలయ్య నిద్రపోలేదండీ. అతనికి మెసేజే వెళ్ళలేదు. తప్పు నాది. నాకు... నాకు ఆ రోజే తెలుసండీ.”