పురుగు రాసిన సున్న

ఒకానొక రాజ్యంలో పురుగు రాసిన సున్న ఒకటి వ్యవహారాన్ని యుద్ధం దాకా తెచ్చింది. ఆ రాజ్యం పేరు కలువదుర్గం, రాజు రణకేసరి. ధైర్యవంతుడే, ధర్మం తెలిసినవాడే. కానీ తన మాటలో తప్పు దొర్లిందంటే మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

రాజశాసనాలన్నీ కొండ కింద పత్రశాలలో ఉండేవి. అక్కడికి వెళ్లి ఒక ఆకు వెతికి తేవాలంటే ఒక పూట పట్టేది. అందుకని రోజూ పనిపడే అరవై తాటాకులను చిన్న పెట్టెలో పెట్టి కొలువులోనే ఉంచేవారు. రాజు కొత్తగా ఏ ఆజ్ఞ ఇచ్చినా ముందు ఆ పెట్టెలోకే చేరేది. పక్షానికోసారి కొత్తవాటికి నకళ్లు రాసి కొండ కిందికి పంపేవారు. ఈ పనంతా చూసే లేఖకుడు కొమ్మన. ముప్పై ఏళ్లుగా గంటం పట్టిన చెయ్యి అతనిది.

ఒకనాడు సరిహద్దు పల్లెల తగవు తీర్చుకుందామని పొన్నగిరి దూత వచ్చాడు. మర్యాద ప్రకారం ముందు పొన్నగిరి రాజు బిరుదులు చదవాలి. మహామంత్రి భైరవామాత్యుడు పెట్టెలోంచి ఆకు తీసి, ముందూ వెనకా చూడకుండా గంభీరంగా చదివాడు.

"పంది కోటల ఏలిక..."

దూత చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్లింది. ఆ రాజు బిరుదు 'పది కోటల ఏలిక'.

తప్పు రాసినవాడి తల తీయమన్నాడు రణకేసరి. భటులు కొమ్మనను పట్టుకున్నారు. అప్పుడు ఆస్థానంలో మాటకారి అని పేరున్న మాచన లేచి, ఆ ఆకు తీసుకుని గవాక్షం వెలుతురుకు అడ్డంగా పట్టాడు. సున్న ఉన్నచోట వెలుగు ఇవతలికి వచ్చింది.

"ప్రభూ, గంటం ఆకును గీస్తుంది, తొలవదు. ఈ సున్న రాసినవాడు కొమ్మన కాదు, పురుగు. దానికి తల ఎటువైపో వెతకడం కష్టం."

ఎవరూ నవ్వలేదు. కింది ఆకు తీసి చూస్తే దానికీ అదేచోట చిల్లు ఉంది. దూత కత్తి మీది నుంచి చెయ్యి తీశాడు కానీ, పురుగు సంగతి తన రాజుకు చెబితే నమ్మడన్నాడు. సరిహద్దు పత్రం కోసం నాలుగో రోజున మళ్లీ వస్తానని, అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ తర్వాత మాట్లాడేది కత్తులేనని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే రాజు సరిహద్దు పత్రం చెప్పి రాయించి ముద్ర వేశాడు. అది చెడితే కొమ్మన తల దక్కదన్నాడు.

భైరవామాత్యుడు ఉపాయం చెప్పాడు. ప్రతి ఆకుకూ మూడు ప్రతులు, మూడు పెట్టెలు, ముగ్గురు చదువరులు. ఇద్దరు ఏది చదివితే అదే నిజం. మర్నాడు అలాగే చేశారు. ఒక్కో ఆజ్ఞ మూడుసార్లు చదివి పోల్చేసరికి మధ్యాహ్నానికి రెండు పనులు కూడా తెమలలేదు. కోటగోడ మరమ్మతుకు ఆజ్ఞ కావలసిన మేస్త్రీలు పొద్దుగూకే దాకా ఎండలో నిలబడ్డారు.

మాచన ముందుకు వచ్చాడు. ప్రతి పంక్తిలో అక్షరాలూ సున్నలూ లెక్కపెట్టి, బేసి అయితే చివర ఒక నిలువు గీత గీయాలి, సరి అయితే వదిలేయాలి. పురుగు ఒక అక్షరం తిన్నా, ఒక సున్న పెట్టినా, ఆ గీతనే కొరికినా లెక్క కుదరదు. అరవై ఆకుల్లో యాభై అయిదింటికి అసలు ప్రతులు కొండ కింద ఉండనే ఉన్నాయి. చెడితే పారేసి మళ్లీ తెచ్చుకోవచ్చు. పత్రశాలకు ఇంకా చేరని కొత్త ఆకులు అయిదే. జంట ప్రతి కావలసింది ఆ అయిదింటికే.

"ఒకే పంక్తిని రెండు పురుగులు కొరికితే?" అన్నాడు మంత్రి.

"ఆ అవకాశం ఇవ్వకుండా రోజూ పొద్దున్నే చూస్తాం."

పరీక్ష పెడతానన్నాడు మంత్రి. పెట్టెలో ఎక్కడో ఒక మార్పు చేస్తాడు. అది పట్టుకోలేకపోతే కొమ్మనతో పాటు మాచన తల కూడా పోతుంది. రాజు సరేనన్నాడు. ఆ రాత్రీ మర్నాడూ కొమ్మన తిండి మాని అరవై ఆకులకూ లెక్క గీతలు పెట్టాడు, కొత్త అయిదింటికీ జంట ప్రతులు రాశాడు.

నాలుగో రోజు పొద్దున మంత్రి పెట్టెను తన గదిలోకి తీసుకెళ్లి తెచ్చాడు. కొమ్మన ఒక్కో ఆకు లెక్కపెట్టసాగాడు. నలభై మూడో ఆకు దగ్గర ఆగిపోయాడు. మూడో పంక్తి బేసి వచ్చింది, చివర గీత లేదు. ఒక అక్షరం చెక్కేసి ఉంది. చూస్తే అది సరిహద్దు పత్రం.

పొన్నగిరికి వదిలే పల్లెలు ఎన్నో రాసిన చోట 'డు' మాత్రమే మిగిలింది. అది మూడా, ఏడా?

చెక్కినవాడివి నువ్వే కదా చెప్పమన్నాడు రాజు. మంత్రి ముఖం పాలిపోయింది. తొందరలో ఏదో ఒక ఆకు తీశానని, ఏ అక్షరమో చూడలేదని నసిగాడు. ఈలోగా దూత వచ్చాడని కబురు, వెనకనే దూత.

"మూడు పల్లెలు వదులుతున్నాం," అన్నాడు రణకేసరి.

"మా రాజుగారికి అందిన మాట ఏడు," అన్నాడు దూత.

"నా మాట నాకు తెలియదా?"

మూడే అన్నాడు మంత్రి. సభ అంతా మూడే అంది. దూత వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. అప్పుడు కొమ్మన నోరు విప్పాడు.

"ప్రభూ, నేను రాసింది ఏడు."

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. భటులు ముందుకు కదిలారు. మాచన వాళ్లకు అడ్డంగా వచ్చి చేతులు జోడించాడు.

"జంట ప్రతి ఉంది ప్రభూ. దొరకాలంటే తమరు ఒక్కసారి లేచి నిలబడాలి."

కొలువులో రాజును లేవమన్నవాడు అంతవరకూ లేడు. రణకేసరి చాలాసేపు మాచన కళ్లలోకి చూశాడు. తర్వాత లేచాడు. మాచన సింహాసనం మీది పట్టుదిండు ఎత్తాడు. దాని కింద అయిదు తాటాకులు. ఒకటి తీసి దూత చేతికే ఇచ్చాడు. మూడో పంక్తిలో 'ఏడు పల్లెలు'. కింద ఇరువురి ముందూ మెరుస్తూ రాజముద్ర. జంట ప్రతులను రోజువారీ పత్రాల కట్టలో కలిపి పెడితే రాజు చూడకుండానే వేసిన ముద్ర అది.

రాజు ఆ ముద్ర చూశాడు, దిండు చూశాడు.

"అక్కడెందుకు పెట్టావు?"

"పురుగుకూ, మంత్రిగారికీ అందని చోటు అదొక్కటే తోచింది. అయినా ప్రభువుల మాటకు ప్రభువులకంటే బరువైన కాపలా ఎవరుంటారు?"

రణకేసరి మీసం కదిలింది. "పొద్దుటి నుంచి కింద ఏదో గుచ్చుకుంటూనే ఉంది. సింహాసనమంటే అంతే కాబోలు అనుకున్నాను," అంటూ పగలబడి నవ్వాడు. ముందు దూత, తర్వాత సభ అంతా నవ్వారు. నవ్వలేనివాడు కొమ్మన ఒక్కడే. నిలబడ్డ చోటనే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఏడు పల్లెలూ పొన్నగిరికి వెళ్లాయి, కత్తులు ఒరల్లోనే ఉన్నాయి. రాజు కొమ్మన చేతికి బంగారు కంకణం తొడిగాడు. తన భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి మాచనకు కప్పాడు. రోజూ పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని సరి, బేసి లెక్కపెట్టే పని మహామంత్రికి అప్పగించాడు.

ఆనాటి నుంచి రణకేసరి సింహాసనం మీద కూర్చునే ముందు దిండు ఎత్తి చూసుకునేవాడట.