గవరయ్య కళ్ళ ముందే అన్నీ

గుమ్మడివలస అన్నదమ్ములు నలుగురికీ ఒకటే గర్వం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తామని. "ఊళ్ళో బుర్రలన్నీ కలిపినా మన బుర్రలకి సరిపోవు" అని ఒకరినొకరు మెచ్చుకున్నాకే పొద్దున్న టీ తాగేవారు.

మూడోవాడు గవరయ్యకు పెళ్ళి కుదిరింది. కొత్త కారు తనే నడుపుకుంటూ వెళ్ళి పైడమ్మ మెళ్ళో తాళి కట్టాలని వాడి సరదా. ఆమె తండ్రి మాత్రం ముందే చెప్పేశాడు, "ముహూర్తం దాటితే సంబంధం లేనట్టే" అని. ఆ మాట తలుచుకుంటే గవరయ్యకు అన్నం సయించడం లేదు.

కారులో దారి చూపించే తెర బిగించిన మెకానిక్ మంచి మాటే చెప్పాడు. "డ్రైవరుకి ఒకసారి ఒక్క సంగతే చెప్పాలి. వాడు తల పక్కకి తిప్పకూడదు. కావలసినవన్నీ కళ్ళ ముందే ఉండాలి." అంతే! తెర ఊడబీకి ముందద్దం నడిమధ్యన అంటించారు. దాని పక్కన గోడగడియారం, పంచాంగం, పెళ్ళికూతురి ఫొటో, జంతికల సంచి. ఇంకేముంది, అన్నీ కనిపిస్తున్నాయి, రోడ్డు తప్ప.

"దానికేటి, మేం చూసి చెప్తాం కదా!" అని మిగతా ముగ్గురూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. బండి కదలగానే ముగ్గురూ ఒకేసారి అరిచారు. గవరయ్య స్టీరింగు వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. కారు మురిక్కాలవ అంచున ఆగింది.

"డ్రైవరుకి ఒకసారి ఒక్క సంగతే చెప్పాలని మెకానిక్ అన్లేదా? వరసలో చెప్పండి!" అన్నాడు ఏడుపు గొంతుతో.

వరసంటే పెద్దవాళ్ళు ముందు. ఆ ఇంట్లో అన్నం వడ్డించినా అంతే, కబురు చెప్పినా అంతే.

పెళ్ళివారి ఊరొచ్చింది. ఎదురుగా గడ్డివాము. మొదట చూసింది ఆఖరివాడు సన్యాసి. పాపం, నోరు తెరవబోయాడు.

"ఆగరా, నా వంతు! పెట్రోలు సగం ఉంది" అన్నాడు పెద్దన్న సింహాద్రి.

"ఎండ బాగా కాస్తోంది" అన్నాడు రెండో అన్న అప్పలసూరి.

"గడ్డివాము" అన్నాడు సన్యాసి, గడ్డివాములోంచి.

పందిట్లోంచి పురోహితుడు కేకేశాడు. "ముహూర్తం మించిపోతోంది, రావయ్యా!"

గవరయ్య గబుక్కున బెల్టు తీశాడు. "దయచేసి సీటు బెల్టు పెట్టుకోండి" అంది కారు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీస్తే మళ్ళీ అదే మాట.

"అంత మర్యాదగా చెప్తుంటే కాదనకూడదురా" అన్నాడు సింహాద్రి.

మరి పైడమ్మ? గవరయ్య భోరుమన్నాడు. ఇంకేముంది, పానా తీసి సీటు విప్పారు, బెల్టు కోసి వాణ్ణి సీటుకే కట్టేశారు. ముగ్గురూ సీటు మోసుకుంటూ పందిట్లోకి పరుగెత్తారు. సరిగ్గా సమయానికి తాళి పడింది. మామగారు నోరెళ్ళబెట్టాడు.

పైడమ్మ తలెత్తి సీటు చూసింది, బెల్టు చూసింది. గవరయ్య గబగబా బెల్టు మీద కండువా కప్పుకున్నాడు.

"మరి నా సీటేదండీ?" అంది ఆమె.

ఈవిడ తమ ఇంటి మనిషేనని గవరయ్య ప్రాణం కుదుటపడింది. అంతే, ఏడడుగులు ఆపించి, అన్నదమ్ములు ముగ్గురూ పానా పట్టుకుని గడ్డివాములోకి దూరారు.